హారన్ ఆపుమను బిడ్డా

తాండూరు నుంచి హైదరాబాదు దాకా కూడళ్లన్నింట్లో పోలీసులు బండ్లను ఆపారు. గొర్రెలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ధారూర్ దాటగానే రోడ్డు నిండా మంద. ముందు ఒక బస్సు, దాని వెనక అంబులెన్స్ ఇరుక్కుపోయాయి.

డాక్టర్ రుచిత ఒళ్లో ఐస్ పెట్టె ఉంది. అందులో, పొద్దున తాండూరులో తీసిన గుండె. నాలుగు గంటల్లోపు అది మరో ఛాతీలో కొట్టుకోవాలి. అప్పుడే గంట గడిచింది.

డ్రైవర్ నిఖిల్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. గొర్రెలు బెదిరి బండి చుట్టూ ముద్దగా చేరాయి.

మందను చీల్చుకుంటూ నెరిసిన గడ్డపు మనిషి ఒకాయన వచ్చాడు. భుజాన గొంగడి.

రుచితకు ఒళ్లు మండింది. అద్దం దించింది.

"నీ గొర్రెల కోసం ఇక్కడొక ప్రాణం పోవాలా?"

ఆయన కళ్లు పెట్టె మీదే ఆగిపోయాయి.

"వద్దు బిడ్డా, పోవద్దు. ముందుగాల గా హారన్ ఆపుమను. చప్పుడైతే గొర్లు ఒక్కకాడ గూడుతయి."

నిఖిల్ ఆపాడు.

ఆయన వంగి, పెద్ద పొట్టేలును కొమ్ములు పట్టి రోడ్డు దింపాడు. నాలుక తాటించి ఒక్క కేక వేశాడు. పొట్టేలు ఎటు నడిస్తే మందంతా అటే నడిచింది. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు.

"జర పైలంగ తీస్కపో బిడ్డా," అంటూ తలుపు మీద చెయ్యి ఆనించాడు. బొటనవేలికి నీలం సిరా.

"ఇంకోసారి రోడ్డు మీదికి తోలకు!" అంది రుచిత.

ఆయన తలూపాడు.

వికారాబాద్ ఎప్పుడు దాటారో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నానికి హైదరాబాదులో, ఆపరేషన్ బల్ల మీద, ఆ గుండె ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. తర్వాత ఆగకుండా కొట్టుకుంది. రుచితకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం అవయవదానం చూసే కృపారాణి సంతకాల కోసం ఫైలు తెచ్చింది. అంగీకార పత్రం చివర నీలం వేలిముద్ర.

రుచిత చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎవరిది ఇది?"

"గుండె ఇచ్చిన పిల్ల తండ్రిది మేడం. ఎంకయ్య అని, గొర్ల కాపరి. ఒక్కతే బిడ్డ. శవం ఇల్లు చేరకముందే తల్లికి తానే చెప్పాలని, వేలిముద్ర వేసి బస్సెక్కి పోయిండు."

పొద్దున ఆ రోడ్డు మీది మందలో, బస్సు దిగి వచ్చిన ఆయనది ఒక్క గొర్రె కూడా లేదు. తన ఒళ్లోని పెట్టెలో ఉన్నదే ఆయనది.