తోసేవాళ్లు

"డీజిలు బండికి ఈ మాత్రం బ్యాటరీ ఉండాల్సిందేనమ్మా. పెట్రోలు కారుకు పెట్టేది పెడితే పొద్దున్నే దగ్గుతుంది గానీ లేవదు," అంటూ షాపాయన ఓ నల్లటి బ్యాటరీని బల్ల మీదికి ఎత్తాడు. బల్ల కిర్రుమంది.

నర్సమ్మ దాన్ని పుచ్చు వంకాయను చూసినట్టు అటూ ఇటూ చూసింది. "మరీ బరువుగా ఉందండీ."

"మోసేది జీపమ్మా, మీరు కాదు."

పక్కనున్న టైలరు గొంతు సవరించుకున్నాడు. వీధివాళ్లు అతన్ని వెంట పంపిందే ఇందుకు. మూడు వారాలుగా రోజూ ఎనిమిదింటికి నర్సమ్మ జీపును తోసీ తోసీ వాళ్ల నడుములు పడిపోయాయి. "కొత్త బ్యాటరీ కొనిపించకుండా మీరు వీధిలో అడుగు పెట్టొద్దు" అని మరీ చెప్పారు.

నర్సమ్మ బాధ వేరు. కొత్త బ్యాటరీ పడితే జీపు తాళం తిప్పగానే లేస్తుంది. లేస్తే ఎవరూ రారు. నర్సుగా రిటైరయ్యాక ఆ ఇంట్లో ఆమె కాక నోరు విప్పేది కుక్కరొక్కటే. అదీ మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. జీపు మొరాయించాక మాత్రం పొద్దున్నే గేటు ముందు నలుగురు. మేడ మీది కోడలుపిల్ల కొంగు దోపుకొని వస్తుంది. కాంపౌండరు నోట్లో బ్రష్షుతోనే వస్తాడు. మాస్టారు తొయ్యడు, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టడానికి వస్తాడు. మెడలో టేపుతో ఈ టైలరు అందరికన్నా ముందే వస్తాడు. ఉన్నదే పది నిమిషాలు. అంతలోనే ఎవరికి జలుబు చేసిందో, ఎవరింట్లో కుళాయి కారుతోందో అన్నీ తెలిసిపోతాయి. ఆ పది నిమిషాల కోసమే బ్యాటరీకి నల్లవైపు వైరును పట్టి ఉంచే బిగింపును ఆమె తన చేత్తో తనే వదులు చేసింది. నలభై ఏళ్లు ఎందరికో కట్లు బిగించిన చెయ్యి, ఒక్క మర విప్పలేదా!

"ఇంకోటి చూపించండి."

"ఇది చూడండి. నీళ్లు పొయ్యక్కర్లేదు. నాలుగేళ్లపాటు దీని ఊసే తలుచుకోనక్కర్లేదు."

నాలుగేళ్లు! నర్సమ్మ బ్యాటరీని వెనక్కి నెట్టింది. "తలుచుకునేవాళ్లు లేకపోతే దేనికైనా మంచిది కాదండీ," అంది.

"నాకూ నచ్చలేదు," అన్నాడు టైలరు. మెడలోని టేపు తీసి బ్యాటరీని కొలిచాడు. "అరంగుళం పొడుగు. పట్టదు."

"పడుతుందండీ! రోజుకు పది పెడతాను నేను."

"కొలతల విషయంలో నాతో వాదించకండి. జాకెట్టయితే కుట్లు విప్పి సరిచేస్తాం. దీన్నేం విప్పుతాం?"

నర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది. పాపం, చాదస్తపు మనిషి. ఆ చాదస్తమే ఇవాళ కలిసొచ్చింది.

మూడోదాని పిడి బాగాలేదంది. నాలుగోది ఎప్పుడు తయారైందో నమ్మకంగా తెలియడం లేదన్నాడు టైలరు. ఐదోది ఎత్తబోయి షాపాయన ఆగిపోయాడు.

"పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని వంకలుండవండీ. ముందు పాతదాని సంగతేంటో చూడనివ్వండి," అని మీటరు పట్టుకొని బయట ఉన్న జీపు వైపు నడిచాడు.

నర్సమ్మ గబగబా వెంటపడింది. "ఎందుకండీ, అది చచ్చిపోయింది. నేను చూశాగా!"

"నర్సు చెప్పినా డాక్టరు చూడాలి కదమ్మా."

బానెట్ లేచింది. షాపాయన మీటరు వైర్లు ఆనించి చూశాడు. "ఇదేం చావు? గుర్రంలా ఉంది! ఇంకో రెండేళ్లు లాగుతుంది." వంగి లోపల తడిమాడు. "ఓహో, నల్లవైపు బిగింపు వదులైంది. ఇంతే కథ!"

పానాతో బిగించసాగాడు. ఆ పానా తిరుగుతున్నంతసేపూ నర్సమ్మకు రేపటి పొద్దు కనిపించింది. ఒక్క తిప్పుకే లేచిన ఇంజను. వీధి పొడుగునా మూసి ఉన్న తలుపులు. అరకిలో టమాటాల కోసం, ఎనిమిది మంది పట్టే జీపులో తనొక్కతే. పైగా ఈ టైలరు వెళ్లి వీధికంతా చెప్పకుండా ఉంటాడా? అతని ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"ఇదేంటి, ఎర్రవైపుదీ వదిలేసి ఉంది!" షాపాయన తల గోక్కున్నాడు. "రెండూ వాటంతటవే ఎలా వదులవుతాయి?"

"ఎర్రదా? నేను దాని జోలికి పోలేదే..." అనేసి నర్సమ్మ నాలుక కరుచుకుంది.

టైలరు జీపు చక్రం వైపు చూస్తూ, ఆమెకు మాత్రమే వినపడేలా గొంతు తగ్గించాడు.

"ఎర్రది నేనండీ."