ఎడమ గ్రిప్పు

"ఒక్కటి చాలు. కుడిది," అన్నాడు ముసలాయన.

వెయ్కో నవ్వాడు. "మంచుబండి హ్యాండిలు గ్రిప్పులు జతగానే వస్తాయి తాతా. ఒంటి బూటు అమ్మే కొట్టు ఎక్కడైనా చూశావా?"

కొట్లో కాఫీ తాగుతున్న నలుగురూ నవ్వారు.

ముసలాయన పేరు ఊలా. సరస్సుకు ఇవతలి ఒడ్డునే, ఊరికి దూరంగా అడవి అంచున ఒక్కడే ఉంటాడు. ఊళ్ళోకి వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు.

బల్ల మీద పరిచిన గ్రిప్పులను ఆయన ఒట్టి చేత్తో ముట్టుకోలేదు. దుప్పితోలు తొడుగు వేసుకుని ఒక్కొక్కటే పిడికిట బిగించి చూశాడు.

"చలిలో పట్టుకునేది తొడుగే గదా. ఎంచాల్సింది కూడా అదే," అన్నాడు.

చివరికి మెత్తటి రబ్బరుది, సన్నటిది తీశాడు.

వెయ్కో పాత గ్రిప్పును కత్తితో నిలువునా చీల్చి లాగేశాడు. గొట్టంలోంచి గాలి కొడుతూ కొత్తది ఎక్కించాడు. పాతది అరిగి అరిగి లోపలి ఇనుము కనబడుతోంది. ఎడమ వైపుది మాత్రం కొన్ననాటిలాగే నిగనిగలాడుతోంది.

"ఎడమది అసలు పట్టుకోవా ఏంటి?"

"దానికి వేరే పని ఉంటుంది," అన్నాడు ఊలా.

ఆయన కోటు ఎడమ చంక దగ్గర చిరిగి ఉంది. చిరుగుల్లో తెల్లటి బెరడు పొట్టు. స్నానం చేసి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు వెయ్కో.

జత డబ్బులూ ఇచ్చి, ఎడమది బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. వెయ్కో దాన్ని సొరుగులో పడేశాడు.

మరుసటేడు మంచు పడే ముందు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కుడిదే.

అప్పటికి ఊరు ఆయనకు 'ఒంటిచేతి తాత' అని పేరు పెట్టేసింది. ఈ వయసులో కుర్రాడిలా ఒంటిచేత్తో బండి తోలి ఎవరికి చూపించాలనో అని వేళాకోళం. మా ఊరికి నోరు పెద్దది, చూపే చిన్నది.

మూడో ఏడు వచ్చినప్పుడు ఆయన కాస్త వంగిపోయాడు. పని అయ్యాక కూడా కదల్లేదు.

"వెయ్కో, సరస్సు గడ్డకట్టగానే ఒక్కరోజు నాతో వస్తావా? ఒక చెయ్యి చాలటం లేదు."

"ఎడమది ఖాళీగానే ఉందిగా తాతా, దాన్ని వాడు!"

కొట్టంతా గొల్లుమంది. ఊలా కూడా కొంచెం నవ్వాడు. తొడుగులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో ఏడు రాలేదు. వెయ్కోకి ఆ సంగతే తట్టలేదు. అతని దిగులంతా కూతురి గురించి.

సైమి అవతలి ఒడ్డున బడిలో టీచరు. సరస్సు గడ్డకట్టాక రోజూ మంచుబండిలో దాని మీదుగానే వెళుతుంది. దారి మధ్యలో ఏరు వచ్చి కలిసే చోట గడ్డ ఎప్పుడూ పలచనే. ఆ చోటు తప్పించి దారి పొడుగునా బర్చ్ చెట్టు కొమ్మలు పాతి ఉంటాయి. ఎంత పొగమంచు ఉన్నా కొమ్మ తరవాత కొమ్మ చూసుకుంటూ పోతే చాలు. ఎవరైనా సరస్సు మీద కాలుపెట్టేసరికే కొమ్మలు లేచి ఉండేవి. మునిసిపాలిటీ వాళ్ళ పనే అనుకునేది ఊరు.

ఆ ఏడు కొమ్మలు లేవు.

"ఇంకా పాతలేదు. రోడ్డు మీద పో అమ్మా," అన్నాడు వెయ్కో.

"చుట్టూ తిరిగితే గంటన్నర నాన్నా! నాకు తెలియని దారా?"

పొగమంచులో దారి తప్పింది. ఏరు కలిసే చోట గడ్డ విరిగి బండి మునిగిపోయింది. సైమి పాకుతూ బయటపడింది. తడి బట్టలతో నడిచి వచ్చిన పిల్లకు చలికి చచ్చుబడిన కుడిచేతి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది.

వెయ్కో మునిసిపాలిటీకి ఫోన్ చేసి అరిచాడు. "కొమ్మలు పాతటానికి మీకేం రోగం? నా బిడ్డ చచ్చిపోయేది!"

అవతలి మనిషి నెమ్మదిగా అడిగాడు. "ఏ కొమ్మలండీ? ఆ సరస్సు మీద మాకు దారే లేదు. మేమెన్నడూ పాతలేదు."

"మరి ఇన్నేళ్ళూ?"

"మీ ఊరివాళ్ళే అనుకున్నాం."

వారం తరవాత ఒకావిడ పాత మంచుబండిని ట్రక్కులో తెచ్చింది.

"ఊలా మా పెద్దనాన్న. మంచు పడకముందే పోయాడు. ఇది అమ్మిపెడతారా?"

వెయ్కో తల ఊపాడు. బండి వెనక తాళ్ళతో కట్టిన కొమ్మల మోపులున్నాయి.

"అవి పొయ్యిలోకి కొట్టుకున్నట్టున్నాడు. మీకు కావాలంటే ఉంచుకోండి," అంది.

వెయ్కో ఒక కొమ్మ లాగి చూశాడు. ఒక చివర కత్తితో మొన చెక్కి ఉంది. ప్రతి కొమ్మకీ ఉంది. పొయ్యిలో పెట్టే కట్టెకు మొన ఎవరు చెక్కుతారు?

"ఆయనకి అవతలి ఒడ్డున ఎవరైనా ఉన్నారామ్మా?" అడిగాడు.

"ఎవరూ లేరండీ. ఆ ఒడ్డుకి వెళ్ళాల్సిన అవసరమే లేదు ఆయనకి."

వెయ్కో బండెక్కి కూర్చున్నాడు. ఒక మోపు ఎడమ చంకలో పెట్టుకుని కుడిచేత్తో అరిగిన గ్రిప్పు పట్టుకున్నాడు. బర్చ్ బెరడు పొట్టు అతని కోటుకు తెల్లగా అంటుకుంది.

సొరుగులోని మూడు ఎడమ గ్రిప్పులను ఏనాడూ పట్టుకోని ఆ చెయ్యే, అతని కూతురిని ఇన్నేళ్ళూ సరస్సు దాటించింది.