నెడ్ వాటా నీళ్ళు

"నెడ్ తన వాటా గుక్కెడు నీళ్ళూ జ్వరంతో పడున్న వంటవాడి నోట్లో పోశాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద కెప్టెన్ బూట్ల చప్పుడు..." అని వాసుదేవరావు పుస్తకం ఠపీమని మూసేశాడు.

"ఆ తర్వాత, అంకుల్?" రాజ్ లేచి నిలబడ్డాడు.

"ఆ తర్వాత వచ్చే శనివారం. ముందు ఒత్తులు రాయండి."

కృష్ణమోహన్ గారింటి బేస్‌మెంట్ అంతా మూలుగులు. ఆ మూలుగులు వాసుదేవరావు చెవులకు సన్నాయిలా ఉన్నాయి. ఇది 1984 ఫిబ్రవరి సంగతి. అంతకుముందు అక్టోబర్‌లో అమెరికాలోని ఈ పిస్కాటవే తెలుగు బడికి నూకలు చెల్లాయనే అందరూ అనుకున్నారు. వారమంతా మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, శనివారం సుద్దముక్క పట్టుకుని తను వస్తే ఎదురుగా ఇద్దరో ముగ్గురో. వాళ్ళూ అమ్మలు లాక్కొస్తే వచ్చినవాళ్ళే.

"పిల్లలకి ఇంట్రెస్ట్ లేదు మాస్టారూ. న్యూ ఇయర్ దాకా చూసి క్లోజ్ చేసేద్దాం. ఇక్కడో పింగ్‌పాంగ్ టేబుల్ వేసుకుంటాను" అన్నాడు కృష్ణమోహన్.

ఆ మాట వాసుదేవరావుకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమే ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముకుంటున్న గరాజ్ సేల్‌లో అట్ట ఊడిన ఓ పాత ఇంగ్లీషు నవల దొరికింది. విక్టోరియా రాణి కాలం నాటిది. సరుకు ఓడ, పీనాసి కెప్టెన్, పురుగులు పట్టిన బిస్కెట్లు, ఓడ అడుగున చేరే నీళ్ళను రాత్రింబవళ్ళు తోడిపోసే నావికులు. వాళ్ళలో ముసలి నెడ్ ఒకడు. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు గానీ ఎంత మనిషి! రాసినవాడికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ కథనే వారానికి కాస్త చొప్పున తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటి రోజే మీనా ఆయన గుండెల్లో రాయి వేసింది.

"అంకుల్, ఈ బుక్ మన లైబ్రరీలో ఉందా?"

"ఉండొచ్చమ్మా" అన్నాడు.

"మా మీనా పుస్తకం పట్టిందంటే పూర్తయ్యేదాకా నిద్రపోదండీ!" అని వాళ్ళమ్మ ఉష మురిసిపోయింది.

ఇంకేముంది! ఈ పిల్ల ఇంగ్లీషులో చదివేసి, చివరికేమవుతుందో చాటింపు వేస్తే, తెలుగులో వినడానికి ఈ మెట్లు దిగేదెవరు? పోనీ చదవొద్దందామా అంటే, వద్దన్న పనే ముందు చేసే వయసు.

ఓ శనివారం రాజ్ ఉసూరుమంటూ వచ్చాడు. "లైబ్రరీకి వెళ్ళాను అంకుల్. వన్ కాపీయే ఉందంట. ఎవరో చెకౌట్ చేసి తీసుకెళ్ళారు."

క్రిస్మస్ తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చాడు. "ఇంకా వాళ్ళే రెన్యూ చేస్తున్నారంట!"

వాసుదేవరావు పైకి అయ్యో అన్నాడు. రోజుకో పేజీ కూడబలుక్కుని చదువుకునే అమెరికన్ పెద్దాయనెవరో ఉన్నాడన్నమాట. ఆ మహానుభావుడు అలాగే నిదానంగా చదవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

న్యూ ఇయర్ వచ్చింది, వెళ్ళింది. బడి మూతపడలేదు సరికదా, పిల్లలకు చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. తెరచాప, లంగరు, గుక్కెడు అన్న మాటలు వాళ్ళ నోట్లో వంకరటింకరగా పలుకుతుంటే ఆయనకు కడుపు నిండిపోయేది. కృష్ణమోహన్ కాఫీ కప్పుతో పైమెట్టు మీద చేరేవాడు. "ఆ కెప్టెన్ గాణ్ని సముద్రంలోకి తోసెయ్యరేంటి మాస్టారూ?" అనేవాడే తప్ప పింగ్‌పాంగ్ ఊసెత్తలేదు.

మీనా ఒక్కతే ఎప్పుడూ "ఆ తర్వాత?" అనేది కాదు. గడ్డం కింద చేయి పెట్టుకుని ఆయన నోటివంకే చూస్తూ కూర్చునేది. విసుగు పుడుతోందేమోనని ఆయనకు దిగులు.

మార్చి చివర్లో కథ చివరికొచ్చింది. పుస్తకంలో ఒడ్డు కనపడిన పొద్దుటే నెడ్ ప్రాణం పోతుంది. వాసుదేవరావు అక్కడిదాకా వచ్చి ఆగాడు.

"నెడ్ బతికిందా, అంకుల్?" రాజ్ వచ్చీరాని తెలుగులో అడిగాడు.

అన్ని కళ్ళు తనవైపే చూస్తుంటే ఆయనకు చంపడానికి నోరు రాలేదు. నెడ్‌ను పడవలోంచి దింపాడు. ఊరి బావి దగ్గరికి నడిపించాడు. దోసిలి పట్టించి కడుపారా నీళ్ళు తాగించాడు.

బేస్‌మెంట్ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. కృష్ణమోహన్ కళ్ళు తుడుచుకుంటూ, "నెక్స్ట్ ఇయర్‌కి ఇంకో కథ రెడీ చేసుకోండి మాస్టారూ" అన్నాడు.

మీనా దగ్గరికొచ్చింది. ఆ పిల్ల కళ్ళూ తడిగానే ఉన్నాయి. "ఎండింగ్ ఇలానే బాగుంది, అంకుల్."

విసుగు కాదన్నమాట! వాసుదేవరావు ఆ పిల్ల తల నిమిరాడు.

రాజ్ జాకెట్ తొడుక్కుంటూ, "ఇప్పుడు నేను ఆ బుక్ చదవాలి. లైబ్రరీలో ఇంకా లేదేమో!" అన్నాడు.

"ఆ అమెరికన్ పెద్దాయన ఇస్తే కదా!" వాసుదేవరావు నవ్వాడు.

"మండే రిటర్న్ చేస్తాను" అంది మీనా.