పది అని రాసిన బోర్డు

బండి ఉన్నట్టుండి నీరసపడిపోయింది.

ఉదయ్‌కుమార్ యాక్సిలరేటర్ అడుగంటా నొక్కినా, పీటల మీదికొచ్చే పెళ్ళికూతురిలా అడుగులో అడుగేస్తోంది.

"ఏమైందండీ?" వెనక సీట్లోంచి సౌమ్య అడిగింది.

"బోర్డు చూసింది."

రోడ్డు పక్కన రేకు బోర్డు. 'పని జరుగుతున్నది. వేగం 10.'

పని ఎప్పుడో అయిపోయింది. బోర్డు తీయడం మరిచిపోయారు. మనుషులైతే నవ్వుకుని పోతారు. ఈ కొత్త కారుకి నవ్వడం రాదు. బోర్డు మీద ఎంతుంటే అంతే, ఇంకో బోర్డు కనబడేదాకా అదే. కాదనడానికి మీట లేదు, బతిమాలితే వినదు.

సౌమ్య ఒళ్ళో కూతురు చిన్ని. పొద్దున ఫెరార్గంజ్‌లో, ఇంటి పెరట్లో కొబ్బరి మట్టల కింద జెర్రి కుట్టింది. అండమాన్ జెర్రి అంటే ఆషామాషీ కాదు, దాన్ని చూసి పాములే దారిస్తాయి. పిల్ల మొహం పొంగిపోయింది. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. సూది వేసిన డాక్టరమ్మ, "ఇక్కడ కుదరదు. పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకుపొండి, ఆలస్యం చేయకండి" అంది.

రోడ్డున చుట్టూ తిరిగితే చాలా దూరం. బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ మీదికి కారెక్కిస్తే, అవతలి ఒడ్డు చాతం. అక్కణ్ణించి ఆసుపత్రి ఎంతో లేదు. ఆ ఫెర్రీ బయల్దేరే వేళ దగ్గరపడింది.

ఉదయ్‌కి తోలడమంటే ప్రాణం. పోర్ట్‌బ్లెయిర్ ఎప్పుడు పోయినా తన పాత జీపులో రోడ్డునే పోయేవాడు. ఫెర్రీ ఎక్కడం చేతగానివాళ్ళ పని అనేవాడు. ఆ జీపుని మొన్ననే అమ్మి ఈ కారు కొన్నాడు.

అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు.

ఒక ముసలాయన. లుంగీ ఎగ్గట్టి, చంకలో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, బండి పక్కనే పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

ఉదయ్ అద్దం నాలుగు వేళ్ళు దించాడు.

"జెట్టీకేనా బాబూ? నన్నూ ఎక్కించుకో. నా స్కూటరు సచ్చిపోనాది."

"ఖాళీ లేదు తాతా."

"ముందు సీటు ఖాళీగానే ఉంది కదేటి?"

"లేదని చెప్పాగా."

"ఏటి బండి నాయనా ఇది? బండిని మనం తోలాల గానీ, బండి మనల్ని తోలితే ఏటి సరదా? నీ వయసులో నాను జీపు తోలితే, నా నీడ ఎనకబడిపోయి మర్నాడు పొద్దున్నకి ఇంటికొచ్చీది."

సౌమ్య మెల్లగా అంది. "ఎక్కించుకోండి, పెద్దాయన."

"ఆపితే ఫెర్రీ పోతుంది సౌమ్యా."

"ఎక్కడికి పోద్ది?" ముసలాయన నవ్వాడు. "నానెక్కందే అది కదల్దు."

"అవును తాతా, నీ నీడ వచ్చేదాకా కూడా ఆగుతుందేమో."

నల్ల అద్దాల వెనక ఏముందో ముసలాయనకి కనబడదు. ఉదయ్ చెప్పలేదు.

మలుపులో ఇంకో బోర్డు. 40.

బండికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క దూకు దూకింది. గుంటలో నీళ్ళు లేచి ముసలాయన లుంగీ నిండా బురద కొట్టాయి. అద్దంలో ఆయన చిన్న చుక్కైపోయాడు. చెయ్యి మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

జెట్టీలో ఫెర్రీ ఇంకా ఉంది. ఇంజను గుర్రుమంటోంది.

"అందింది" అన్నాడు ఉదయ్. కారెక్కించాడు. వెనకే ఒక లారీ ఎక్కి దారి మూసేసింది.

ఫెర్రీ కదల్లేదు.

చిన్ని ఊపిరి చప్పుడు సన్నబడింది.

"చిన్నీ, అమ్మ వైపు చూడు. కళ్ళు మూయకు తల్లీ."

ఉదయ్ దిగి, తాడు పట్టుకుని నిలబడ్డ ఫెర్రీ పనివాడు లక్ష్ముడి దగ్గరికి పరుగెత్తాడు.

"భయ్యా, తియ్యరేం? మా పాపకి సీరియస్‌గా ఉంది."

"అయ్యో. ఒకాయన రావాల భయ్యా. ఇంకేటి, వచ్చీత్తాడు."

"ఒక్కడి కోసం ఇంతమందిని ఆపుతారా? ఎవరాయన, మంత్రా?"

"మంత్రి రాకపోతే ఎల్లిపోదుం." లక్ష్ముడు రోడ్డుకేసి చూశాడు. "స్కూటరు ఆగిపోనాదని ఫోన్ చేసినాడు. ఏదో కారు దొరుకుతాదిలే అన్నాడు. మన దీవుల్లో ముసిలోణ్ణి రోడ్డు మీద ఒగ్గీసి ఎవడు పోతాడు?"

ఉదయ్ కారుకేసి తిరిగాడు.

"కారు వెనక్కి తీస్తా. నేనే తీసుకొస్తా."

"లారీ అడ్డం ఉంది కదా భయ్యా, ఎలా తీత్తావు?"

కాళ్ళతోనే పరుగు తీశాడు. ఈసారి ఏ బోర్డూ ఆపలేదు. మలుపు దగ్గర ఎదురొచ్చాడు ముసలాయన, బురద లుంగీతో, రొప్పుతూ.

"ఏటి బాబూ, నీ బండి నిన్నూ దింపీసిందా?"

"తాతా, మా పాప. జెర్రి కుట్టింది. కారులోనే ఉంది. అప్పుడూ ఉంది."

ముసలాయన నవ్వు ఆగిపోయింది.

"ఆ ముక్క అప్పుడే సెప్పుంటే..."

మిగతాది మింగేసి, కవరు గుండెకి అదుముకుని, ఉదయ్ కంటే ముందు పరుగెత్తాడు.

ఫెర్రీ ఎక్కుతూనే కారులోకి తొంగిచూసి, చిన్ని నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కవర్లోంచి తెల్ల చొక్కా తీసి, తొడుక్కుంటూ ఇనప మెట్లెక్కాడు.

లక్ష్ముడు తాడు విప్పగానే, పైనున్న స్టీరింగ్ గదిలోంచి వైర్‌లెస్‌లో ముసలాయన గొంతు వినబడింది: "హలో చాతం, నాను ఫెర్రీ తోలే సెరాంగ్ తాతబ్బాయిని. జెట్టీలో పాపకి అంబులెన్సు పెట్టండి, ఫెర్రీ కదిలింది."