వెనక నుంచి తగిలిన గుండు

వీపు మీద రంగుగుండు ఫట్‌మని పగిలింది.

డ్రైవింగ్ మాస్టారు గిర్రున వెనక్కి తిరిగాడు. కొట్టింది అవతలి జట్టువాళ్ళు కాదు. ఒక మనిషి తక్కువయ్యాడని పొద్దున రిఫరీ తమ జట్టులో కలిపిన పెద్దాయన.

"ఏమయ్యా, మతిగాని పోయిందా? నేను మనవాణ్ణి!"

ముసుగు వెనక పెద్దాయన ఏదో అన్నాడు. ఈలల గోలలో ఒక్క ముక్కా వినబడలేదు. మాస్టార్ని పక్కకి నెట్టేసి ఎర్రటి పొగలోకి దూరిపోయాడు.

గుండు తగిలినవాడు తుపాకీ దించి, చెయ్యెత్తి బయటికి నడవాలి. అది ఆట నియమం. మాస్టారు పళ్ళు నూరుకుంటూ నడిచాడు.

ఒళ్ళు మండదూ మరి!

ఆ పొగకి అవతల ఉన్నది అతని బావ. పళ్ళ డాక్టరు. "స్టీరింగు తిప్పడం నేర్పేవాడు కూడా మాస్టారేనా?" అని నలుగురిలో పకపకా నవ్విన మనిషి. ఆ నవ్వు తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నలిగిపోయిన అక్క ఈ పెయింట్‌బాల్ ఆట కుదిర్చింది.

"వెళ్ళి రంగులతో కొట్టుకు చావండి. కోపాలు అక్కడే వదిలేసి ఇంటికి రండి" అంది.

మాస్టారు కోపం వదిలెయ్యడానికి రాలేదు. తీర్చుకోవడానికే వచ్చాడు. రిఫరీ ఇచ్చిన పొగబాంబు చాలదని, ఆట మధ్యలో, మైదానం చుట్టూ కట్టిన వలకున్న గేటు తెరిచి వెళ్ళి తన సంచిలోంచి ఇంకొకటి తెచ్చాడు. పిన్ను లాగి విసిరాడు. ఎర్రటి పొగ గోడలా లేచింది. బావ అటువైపే ఉన్నాడు. కనబడకపోతేనేం? పొగలోకి ఎడాపెడా కాల్చుకుంటూ ఉరికాడు.

సరిగ్గా అప్పుడే వీపు మీద ఆ దెబ్బ.

పొగ విడిపోయేసరికి ఆట అయిపోయింది. బావ గెలుపు జెండా ఊపుతున్నాడు. పెద్దాయన ఒళ్ళంతా రంగే. ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద. రెండు జట్ల గుండ్లూ ఆయనకే తగిలినట్టున్నాయి.

మాస్టారు రెండంగల్లో వెళ్ళి ఆయన కాలరు పట్టుకున్నాడు.

"ఎవడి మనిషివి నువ్వు? మా బావ పెట్టాడా నిన్ను?"

"బాబూ, లోపల పాప..."

"పాపా లేదు, పాపమూ లేదు! సాకులు చెప్పకు!"

పెద్దాయన రిఫరీ వైపు తిరిగాడు. "ముందు ఆ గేటుకి తాళం వేయించండి."

"గేటు సంగతి నీకెందుకయ్యా? సొంతవాణ్ణి కొట్టినవాడికి ఇక్కడేం పని? గెంటండి బయటికి!"

"అది కాదండీ, ఆయన..." రిఫరీ నసిగాడు.

"గెంటుతారా, నన్నే గెంటమంటారా?"

పెద్దాయన తన కాలరు మీది వేళ్ళని ఒక్కొక్కటే విడదీసుకున్నాడు.

"అరవకు బాబూ. వెళ్తున్నాగా."

ఆ నెమ్మది చూసి మాస్టారికి ఇంకా తిక్కరేగింది. కింద పడి ఉన్న ఖాళీ పొగబాంబు డబ్బా తీసి విసిరాడు. అది ఆయన మడమకి తగిలింది. ఆయన తిరిగి చూడలేదు.

వలకి బయట, బెంచీ దగ్గర, ఆట చూడ్డానికి వచ్చిన అక్క తన పాప గౌను దులుపుతోంది.

"చూడరా దీని అవతారం! ఎక్కడ పూసుకొచ్చిందో ఏమో. ఫోను మాట్లాడి ఇటు తిరిగేసరికి పిల్ల లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

మాస్టారు మేనకోడల్ని చూశాడు. మోకాళ్ళకీ మోచేతులకీ ఎర్రటి మరకలు.

"మామయ్యా, నేను ఎర్ర మబ్బులోకి వెళ్ళా!" అంది పాప. "గేటు తీసే ఉంది. లోపల టపటపా చప్పుళ్ళు. తాత వచ్చి నన్ను పొట్ట కింద దాచేశాడు. 'కళ్ళు మూసుకో తల్లీ' అన్నాడు. తర్వాత గేటు బయట దింపి, అమ్మ దగ్గరికి పరిగెత్తమన్నాడు."

మాస్టారు గేటు వైపు చూశాడు.

గేటు తెరిచి వదిలేసింది తను. పొగ వేసింది తను. ఆ పొగలోకి ఇటు నుంచి కాల్చింది తను, అటు నుంచి దాని కన్నతండ్రి. పాప ముఖానికి ముసుగైనా లేదు.

జెండా పట్టుకుని నవ్వుతూ వచ్చిన బావ, కూతురి మాట విని జెండా పారేసి పాపని దగ్గరికి లాక్కున్నాడు.

మాస్టారు పరుగెత్తాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. ముసుగులు వాపసు తీసుకునే కౌంటరులో ఒకామె తల వంచుకుని ఏదో తుడుస్తోంది.

"ఇప్పుడు వెళ్ళిన పెద్దాయన ఎక్కడుంటారమ్మా? ఆయన కాళ్ళు పట్టుకోవాలి."

"డబ్బా విసిరింది మీరేనా?" ఆమె తల ఎత్తలేదు. గొంతు మాత్రం కత్తిలా ఉంది.

"బుద్ధి గడ్డి తిందమ్మా..."

"ఆయనకి మీ దండాలేం అక్కర్లేదు. ప్రతి వారం వస్తారు. మనిషి తక్కువైన జట్టులో చేరతారు. గెలవడానికి కాదు, పొగ వేసిన చోట కాపలా ఉండడానికి. ఎంతమంది నవ్వినా మానలేదు. ఇవాళే, ఇక రానని చెప్పి వెళ్ళారు."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

ఆమె తలెత్తింది. కుడికన్ను అతన్ని కాల్చేసేలా చూసింది. ఎడమకన్ను చూడలేదు. అది గాజుది.

"మా నాన్న. నా చిన్నప్పుడు, ఇలాంటి పొగలోకే గురి చూడకుండా కాల్చిన మనిషి."