చౌకలో దొరికిన గోల్‌కీపర్

ఫిర్యాదుల కౌంటర్ నుంచి నన్ను మార్చమన్న అర్జీ మూడు వారాలుగా మేనేజర్ గారి బల్ల మీదే ఉంది, ఆయన టీ కప్పు కింద. ఇవాళ తేల్చుకుందామని వెళ్తే, సారు ఫోన్‌లో ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడుతూ, నిజం ఆటగాళ్లతో కట్టుకునే తన ఉత్తుత్తి టీమ్‌కి గోల్‌కీపర్‌ని వెతుకుతున్నారు.

“కూర్చోమ్మా. పెద్ద టీమ్ గోల్‌కీపర్‌ని కొనేవాడు వెర్రివాడు. రేటెక్కువ, పని తక్కువ.”

“మరి ఎవర్ని కొనాలి సార్?”

“చెత్త టీమ్‌లో మంచివాణ్ణి. మిగతావాళ్లంతా చేతులెత్తేస్తారు, బంతులన్నీ వీడి మీదకే. వాడు ఆపినకొద్దీ మనకి పాయింట్లు. పైగా చౌక!”

“దెబ్బలు తగలవా పాపం?”

“తగిలితే మనకేంటి? అలాంటివాడు దొరికితే సీజనంతా కదపకూడదు.”

కప్పెత్తి ఓ గుక్క తాగి, మళ్లీ నా అర్జీ మీదే పెట్టారు.

నాకు జవాబు దొరికేసింది. తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర ఫిర్యాదులతో పదిహేడు మంది ఉన్నారు. ముందున్న పెద్దాయన అప్పటికే గొంతు పెంచేశాడు.

“నా మీద అరిస్తే ఏం లాభం బాబాయ్? అదిగో, మేనేజర్ గారి గది. అందరూ రండి.”

నేనే వెళ్లి తలుపు బార్లా తీసి, పక్కకి తప్పుకున్నాను.