అరచేతికి తెలిసిన బండి

వేలానికి పెట్టిన కార్లను ముట్టుకోవద్దని బోర్డు ఉన్నా, ఆ ముసలాయన తడుముతూనే ఉన్నాడు.

వేలం మనిషి రెండుసార్లు వచ్చి చెప్పి చూశాడు. ముసలాయన బుద్ధిగా తలూపి, పక్క కారు దగ్గరికి పోయి మళ్లీ అదే పని.

"వచ్చాడమ్మా డాక్టరుగారు, నాడి చూడ్డానికి," అన్నాడు క్లైవ్, మేనత్త బెరిల్ చెవిలో.

బెరిల్ నవ్వలేదు. ఆమె ధ్యాసంతా వరసగా నిలబెట్టిన మూడు స్పోర్ట్స్ కార్ల మీదే. మూడూ ఒకే రకం, ఒకే ఏడాదివి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, ఒకటి మట్టి కొట్టుకుపోయిన ఆకుపచ్చ.

బెరిల్ తండ్రి లెన్ బగ్నల్ ఇంగ్లండులోని ఈ కోవెంట్రీ ఊళ్లోనే, అలాంటి కార్ల ఫ్యాక్టరీలో, రేకును సుత్తితో సాగగొట్టి తలుపులు చేసేవాడు. ముప్ఫై ఏళ్లు చేశాడు. ఆ ముప్ఫై ఏళ్లూ పనికి పోయింది మాత్రం సైకిలు మీదే.

పోయిన ఆ తండ్రి చెయ్యి పడిన కారొకటి కొనుక్కుని, అందులో కూర్చోవాలన్నది బెరిల్ కోరిక. అందుకోసం డబ్బు కూడబెడుతూ పదేళ్లుగా వేసవిలో సముద్రం ఒడ్డుకు కూడా పోలేదు, పాపం.

కానీ ఊరి నిండా చేసి వదిలిన కార్లు. ఏది ఎవరి చెయ్యో ఎవరు చెప్పాలి?

టీ కోసం వరసలో నిలబడితే, ముసలాయన ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. వరసలో ఉన్నాక వాన గురించి ఒక మాట అనుకోవడం మర్యాద కదా, అనుకున్నారు. వాన మీంచి మాట కార్ల మీదికి వచ్చింది. బెరిల్ మనసు ఆగక తన కోరిక చెప్పేసింది. ఆయన ఆమె తండ్రి పేరు అడిగాడు.

"లెన్ బగ్నల్."

ముసలాయన ఆ పేరు మళ్లీ ఒకసారి చెప్పించుకుని విన్నాడు.

టీ అక్కడే పెట్టేసి మళ్లీ కార్ల దగ్గరికి పోయాడు. ఒక్కో తలుపు తెరిచి, లోపలి అంచు కింద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని మెల్లగా జరిపాడు. ఎర్రదాని దగ్గర ఒక్క క్షణం. తెల్లదాని దగ్గరా అంతే. ఆకుపచ్చదాని మీద పెట్టిన చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.

తిరిగొచ్చి చెప్పాడు.

"ఆ ఆకుపచ్చది కొనుక్కో అమ్మాయ్. ఆ తలుపు మీ నాన్న కొట్టిందే."

ఎలా తెలుసని అడిగింది బెరిల్.

"మూడు చిన్న దెబ్బలు, ఒక లాగుడు. మీ నాన్న తీరది. పైన రంగు కప్పేస్తుంది గానీ, లోపల దాగదు."

మీ పేరేమిటంటే, పేరుతో పనేముందిలే అని గుమ్మం వైపు నడిచాడు.

క్లైవ్‌కు నవ్వాగలేదు. ఇది దళారుల పాత విద్యేనన్నాడు. తమకు కావలసిన సరుకు మీంచి నీ కన్ను తప్పించడానికి, ఎందుకూ కొరగానిదాన్ని పొగుడుతారట.

"చూస్తూ ఉండు అత్తా, ఎర్రది రాగానే ముందు లేచేది ఆయన చెయ్యే."

బెరిల్‌కూ ఆ అనుమానం పట్టుకుంది. ఊరికే మేలు చేసేవాణ్ణి వేలంలో ఎవరు చూశారు?

ఎర్రది వచ్చింది. పాట మొదలైంది. బెరిల్ పాడకుండా ముసలాయననే చూస్తోంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతులు రెండూ కోటు జేబుల్లో. పాడేవాళ్లకిచ్చే నంబరు అట్ట కూడా ఆయన దగ్గర లేదు.

ఎర్రది ఎవరికో పోయింది. తెల్లదీ పోయింది. ఆయన చేతులు జేబుల్లోంచి రాలేదు.

ఆకుపచ్చది రాగానే బెరిల్ అట్ట ఎత్తింది.

"కోళ్లగూటికి పాట పాడుతున్నావత్తా," అని క్లైవ్ తల పట్టుకున్నాడు. వాడన్నదీ నిజమే, సీటు మీద ఇంకా ఈకలున్నాయి. పోటీకి ఒక్కడే వచ్చాడు, రెండుసార్లు పాడి తగ్గాడు. కారు బెరిల్‌దయింది.

గుమ్మం వైపు తిరిగి చూస్తే ఆయన లేడు.

ఏప్రిల్‌లో చలి తగ్గాక క్లైవ్ ఆ తలుపు లోపలి తోలు విప్పాడు. విప్పి, అత్తకు కనిపించేలా పక్కకు జరిగాడు. రేకు మీద పెన్సిలుతో రాసి ఉంది: ఎల్. బగ్నల్, 1959.

మేస్త్రీ కంట పడకుండా, తోలు కప్పే చోట పేరు రాసుకోవడం పనివాళ్ల ముచ్చట.

బెరిల్ ఆ పేరు మీద వేలు పెట్టింది. తర్వాత ఈకలు దులిపి సీట్లో కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో క్లైవ్ అడగలేదు.

మర్నాడు ఎండుద్రాక్ష కేకు చేసుకుని వేలం వాళ్ల దగ్గరికి పోయింది. ఆయనా? ప్రతి వేలానికీ వస్తాడు, ఏదీ కొనడు, తడిమి పోతాడు అంటూ వాళ్లు ఇల్లు చెప్పారు.

తలుపు తీసింది ఆయన కూతురు. నాన్న ఫిబ్రవరిలో పోయాడని చెప్పింది. కేకు అందుకుని, లోపలికి రమ్మని, టీకి నీళ్లు పెట్టింది.

బెరిల్ తన తండ్రి పేరు చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఆ రోజు ఇంటికొచ్చి, లెన్ కూతురు నాతో మాట్లాడిందే అని నాలుగుసార్లు చెప్పాడండీ."

అదేం మాటో బెరిల్‌కు అర్థం కాలేదు. కూతురే చెప్పింది. ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన ఏడు, ఆమె తమ్ముడికి ఊపిరితిత్తుల జబ్బు చేసి, జీతం లేక ఇల్లు గడవక, నాన్న పదకొండు రోజులు పనిలోకి పోయాడట. సమ్మెను కాదని పనికి పోయినవాడితో ఎవరూ పలకకూడదు, అది పనివాళ్ల కట్టుబాటు. సమ్మె ముగిశాక కూడా ఎవరూ పలకలేదు, లెన్ కూడా.

"అయినా మీ నాన్నగారిని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. నాకు ఈ రేకు పని అబ్బిందంటే లెన్ పుణ్యమే అనేవాడు."

బండి చూపించి, పేరు చెప్పకుండా పోయినవాడు ఆర్నల్డ్ ఫిర్త్ అనీ, సమ్మె తర్వాత ఇరవై రెండేళ్లు తన తండ్రి పక్క బల్ల మీదే పనిచేసి, ఒక్క పలకరింపుకు నోచుకోక, ఆ సుత్తి చప్పుడు మాత్రమే విన్న మనిషనీ బెరిల్‌కు అప్పుడు తెలిసింది.